ఎర్ర తాడు మూట

రేడియో పరిగెత్తుకుంటూ వచ్చేటప్పటికి నేను బాయిలరు గేజి ముందు నిలబడి ఉన్నాను.

రేడియో మా లాండ్రీలో మడతలు పెట్టే మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. ఆ పేరు నేను పెట్టిందే. ఎప్పుడూ మనిషి కంటే గొంతు ముందు వస్తుంది. ఆ పూట మనిషి ముందు వచ్చింది. గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది, మూసింది.

"ఏమయింది?"

"ఏం కాలేదు బావగారూ. మీరు కంగారు పడకండి."

"కంగారు పడొద్దని చెప్పడానికేనా ఈ పరుగు?"

"అమ్మాయికి సూది గుచ్చుకుంది. దుప్పట్లో ఉందట."

పక్కవాడికి గేజి అప్పగించి నడిచాను. పరిగెత్తలేదు. పరిగెత్తితే అది పెద్ద సంగతి అయిపోతుందనిపించింది. కాళ్ళు మాత్రం నా మాట వినలేదు. మురికి గది చేరేసరికి ఆయాసం వచ్చింది.

మాది ఆసుపత్రి లాండ్రీ. వార్డుల నుంచి వచ్చే మూటలు ముందు మురికి గదిలో పడతాయి. రేకు బల్ల, దాని చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు, రబ్బరు గ్లౌజులు, పైన ఎప్పుడూ గోల పెట్టే ఫ్యాను. మూట విప్పి ఒక్కో దుప్పటీ దులిపి చూడాలి. కళ్ళజోళ్ళు దొరుకుతాయి. చెంచాలు దొరుకుతాయి. ఒకసారి కట్టుడుపళ్ళు దొరికాయి, ఎవరూ అడగడానికి రాలేదు. సూదులూ దొరుకుతాయి. సూదులు డబ్బాలో వెయ్యాలని వార్డుల్లో గోడల మీద రాసి ఉంటుంది. గోడలు చదువుతాయి కాబోలు.

మూటలకి రెండు రకాల తాళ్ళు. గోధుమ రంగు తాడు కట్టింది విప్పాలి. ఎర్ర తాడు కట్టింది బల్ల మీద పెట్టకూడదు. అవి అంటురోగుల పక్కబట్టలు. చెయ్యి పెట్టకుండా సంచీతో సహా వేడినీళ్ళ మిషన్లో వేసెయ్యాలి. మొదటి రోజు నేర్పేది అదే. అది రానివాళ్ళకి రెండో రోజు ఉండదు.

అమ్మాయి కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. బొటనవేలు నొక్కుతోంది. రక్తం రావడం లేదు. వచ్చినా భయమే, రాకపోయినా భయమే. కుడి కన్ను ఉబ్బి ఎర్రగా ఉంది.

"ఏడ్చావా?"

"లేదు నాన్నా. పొద్దున కంట్లో సబ్బు పొడి పడింది. మండుతోంటే ఆ కన్ను మూసుకునే పని చేశా."

"ఏ వార్డు మూట?"

మురికి గది మేస్త్రీ సంచీ మీది అంకె చూస్తున్నాడు. తలెత్తకుండా చెప్పాడు. "లివరు వార్డు."

బల్ల దగ్గరి ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. రేడియో కూడా.

"లివరు వార్డు మూట ఎందుకు విప్పావే?"

"ఎర్ర తాడు లేదు నాన్నా. మామూలు తాడే ఉంది. గోధుమ రంగుది. నేను చూసుకోనా?"

చూసుకుంటుంది. వాళ్ళమ్మ చేసిన పనే. ఆ బల్ల దగ్గర దాని చెయ్యి తప్పడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎర్ర తాడు కట్టాల్సినదానికి మామూలు తాడు కట్టారు," అన్నాను. "వాళ్ళ చేతులు పడిపోను. వాళ్ళ పిల్లలకి గుచ్చుకుంటే తెలిసేది."

"తిట్లు తర్వాత," అన్నాడు మేస్త్రీ. సూదిని పటకారుతో పట్టి డబ్బాలో వేశాడు. "ముందు స్టాఫ్ క్లినిక్కుకి తీసుకెళ్ళు."

"అక్కడికి నేను వెళ్ళను."

"నిన్ను వెళ్ళమనలేదు. పిల్లని తీసుకెళ్ళమన్నాను."

*

లాండ్రీ నుంచి క్లినిక్కుకి పొడుగాటి నడవా. పైన నా పైపులు వెళతాయి, ఆవిరి పైపులు. వాటికి చుట్టిన మందపాటి తొడుగు చూస్తూ నడవడం నాకు అలవాటు. ఎక్కడ ఊడిందో, ఎక్కడ చెమ్మ పట్టిందో చూసుకోవాలి. ఆ పూట పైకి చూడలేదు. అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిచాను. చాలా ఏళ్ళయింది అలా నడిచి.

మా ఆవిడ కూడా ఆ మురికి గదిలోనే పని చేసేది. ఆమె చేరిన కొత్తలో లాండ్రీ వాళ్ళందరికీ లివరు టీకా, హెపటైటిస్ది, వేశారు. రక్తం తగిలే పని కదా, మంచిదన్నారు. వరుసలో నిలబెట్టి వేశారు. వేసింది సూదమ్మ. క్లినిక్కు నర్సుకి అందరూ పెట్టుకున్న పేరు అది.

రెండో సూది పడిన కొన్ని వారాలకి ఇద్దరం కూరల బండి దగ్గర నిలబడ్డాం. మా ఆవిడ టమాటాలు ఏరుతూ "ఇదేంటి, ఒక్కటీ పండలేదు," అంది. బండివాడు నవ్వాడు. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా అమ్మా?" అన్నాడు. నిగనిగలాడుతున్న టమాటాలు. ఆమె ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది. "ఈ కంటికి పండాయి, ఆ కంటికి పండలేదు," అంది. ముగ్గురం నవ్వాం.

మళ్ళీ దాని గురించి నవ్వింది లేదు.

నరాల జబ్బు అన్నారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఆ పేరు నోరు తిరగడానికే నాకు నెల పట్టింది. ఒంట్లో కాపలా కాయాల్సినవి తిరగబడి నరాల మీది తొడుగుని కొరికేస్తాయన్నారు. అది నాకు అర్థమైంది. తొడుగు ఊడిన పైపులో ఆవిరి దారిలోనే చల్లబడిపోతుంది. చివరికి చేరేది నీళ్ళు.

"ఆ సూది వల్లేనా?" అని పెద్ద డాక్టరుని అడిగాను.

"ఆ అనుమానం నీ ఒక్కడిదే కాదు," అన్నాడాయన. "చాలామందికి వచ్చింది. చాలా దేశాల్లో వెతికారు. ఒకరిద్దరు ఉండొచ్చన్నారు. మిగతావాళ్ళు ఎంత వెతికినా కనపడలేదన్నారు. ఈ జబ్బు ఈ వయసు ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుంది. టీకా కూడా ఆ వయసులోనే పడింది. కాకి వాలింది, తాటిపండు పడింది."

"కాకి ఎగిరిపోయింది సారూ. పండు నా ఇంటి మీద పడింది."

ఆయన మందుల చీటీ రాసి నా చేతిలో పెట్టాడు.

తర్వాతవన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. అమ్మాయి అప్పటికి చిన్నది. అది పెద్దదయ్యేలోపు వాళ్ళమ్మ పూర్తిగా మంచం మనిషి అయింది. ఆమె పోయిన రోజు సూదమ్మ ఇంటికొచ్చింది. గుమ్మం దాటనివ్వలేదు. "ఇంకా ఎవరికి పొడుద్దామని?" అన్నాను. పది మందిలో అన్నాను. వెనక్కి తీసుకోలేదు.

అమ్మాయి లాండ్రీలో చేరినప్పుడు టీకా వేయించుకోమని పిలిచారు. పసిపిల్లగా ఉన్నప్పుడు పడాల్సినవి పడ్డాయి గాని అప్పట్లో పిల్లలకి ఈ లివరు టీకా లేదు. నేను వద్దన్నాను. మేస్త్రీ చెప్పి చూశాడు, రేడియో చెప్పి చూసింది. నా ఇంట్లో ఒక ఆడమనిషిని సూదికిచ్చాను, రెండో మనిషిని ఇవ్వనన్నాను. అమ్మాయి ఎదురు చెప్పలేదు. వాళ్ళమ్మకి పక్కబట్టలు మార్చిన పిల్ల అది. దానికీ భయమే.

*

సూదమ్మ తలుపు తీసింది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది.

"రండి అన్నయ్యా."

"నేను నీకు అన్నని కాను."

"సరే. కుర్చీ మాత్రం కుర్చీయే. కూర్చోండి."

కూర్చోలేదు. అమ్మాయిని కూర్చోబెట్టి వెనక నిలబడ్డాను. లోపల డాక్టరమ్మ ఫోనులో మాట్లాడుతోంది. కొత్తగా వచ్చిన మనిషి. ఫోను పెట్టేసి అమ్మాయి వేలు చూసింది, దీపం దగ్గరికి తెచ్చి మళ్ళీ చూసింది.

"లోతుగానే దిగింది," అంది. "వార్డు వాళ్ళతో మాట్లాడాను. ఆ గదిలో ముగ్గురికి లివరు వైరస్ ఉంది. సూది ఎవరికి వాడిందో చెప్పలేమంటున్నారు. ఉందనుకునే మనం మొదలుపెట్టాలి. లివరు టీకా ఎప్పుడు వేయించుకున్నావమ్మా?"

అమ్మాయి నా వైపు చూసింది.

"వేయించుకోలేదు," అన్నాను.

డాక్టరమ్మ సూదమ్మ వైపు చూసింది. సూదమ్మ కిటికీ వైపు చూసింది.

"అయితే ఈ రోజే రెండు ఇంజెక్షన్లు వెయ్యాలి. ఒకటి తయారుగా ఉన్న రక్షణ, వెంటనే పనిచేస్తుంది. రెండోది టీకా, ఒంటికి నేర్పిస్తుంది. ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. ఆలస్యమైతే పని తగ్గిపోతుంది."

"టీకా వద్దు. ఆ మొదటిది వెయ్యండి చాలు."

"అది కొన్నాళ్ళే ఉంటుంది. రెండూ కావాలి."

"వద్దన్నాను కదా."

"పెద్దాయనా, గుచ్చుకుంది మీకు కాదు."

"చచ్చింది మీ ఇంట్లో మనిషీ కాదు."

ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీ భార్య సంగతి సిస్టర్ చెప్పింది. మీ భయం నాకు అర్థమవుతుంది..."

"మీకేం అర్థమవుతుందమ్మా? రేపు దీని కన్ను మసకేస్తే మీరొచ్చి చెయ్యి పట్టుకుని నడిపిస్తారా? ఏమీ కాదని రాసిస్తారా?"

"ఏమీ కాదని ఎవరికీ రాసివ్వలేను. జలుబు మాత్ర ఇచ్చినా రాసివ్వలేను. ఆ వైరస్ పట్టుకుంటే ఏమవుతుందో మాత్రం చెప్పగలను. కొందరికి తగ్గిపోతుంది. కొందరి లివరులో ఉండిపోయి మెల్లగా తినేస్తుంది. వార్డులో ఉన్నవాళ్ళని చూస్తారా?"

"నేను వాళ్ళ దుప్పట్లు ఉతికించేవాణ్ణి. నాకు చూపిస్తారా?"

"నేను వేసుకున్నా ఆ టీకా," అంది సూదమ్మ, కిటికీ దగ్గర్నుంచి. "మీ ఇంటావిడ కంటే ముందు. అదే పెట్టెలోది."

"నీకు పాము కరిచినా పామే పోతుంది."

అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. తర్వాత ఏడుపు ఆపుకుంది. "నాన్నా, గొడవ పెట్టుకోకు. నాకు రెండూ భయంగానే ఉన్నాయి. నువ్వేదంటే అదే."

అదీ నా నెత్తి మీద పడింది. వేయిస్తే వాళ్ళమ్మ దారి. వేయించకపోతే లివరు వార్డు దారి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నేను దూకితే బాధ లేదు. నుయ్యి పక్కన నిలబడింది నా కూతురు. నేను నోరు తెరిస్తే అది దూకుతుంది.

"ముందు ఎవరి తప్పో తేలాలి," అన్నాను. "ఆ తాడు తెస్తాను. మామూలు తాడు కట్టింది ఎవరో వాళ్ళచేత ఒప్పించాక మిగతాది మాట్లాడదాం."

"దానికిప్పుడు టైం కాదు," అంది డాక్టరమ్మ.

అప్పటికే నేను తలుపు దాటాను. ఆ గదిలోంచి బయటపడాలి నాకు. దేనికో ఒకదానికి.

*

మురికి గదిలో బల్ల కింద తాళ్ళ గంప ఉంటుంది. విప్పిన తాళ్ళు అందులో వేస్తారు. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టాను.

"గ్లౌజులు వేసుకోండి మహానుభావా," అని రేడియో ఒక జత నా మొహాన కొట్టింది. "ఇంటికొకరు చాలు."

అన్నీ గోధుమ రంగు తాళ్ళే. వాటిలో ఏది ఆ మూటదో ఎలా తెలుస్తుందని అప్పుడు తట్టింది. పిచ్చివాడిలా వచ్చాననుకున్నాను. గంపని కుమ్మరించాను.

గోధుమ రంగు తాళ్ళ మధ్యలో ఒకటి ఎర్రగా ఉంది.

ఎర్ర తాడు ఆ గంపలోకి రాదు. ఎర్ర తాడు మూట ఆ బల్ల మీదికే రాదు. పొద్దుట్నుంచీ ఆ బల్ల మీద తప్పుగా విప్పింది ఒకటే.

"ఎవరు పడేశారు దీన్ని ఇక్కడ?"

రేడియో నా పక్కన చతికిలబడింది. గొంతు తగ్గించింది. ఆ మనిషికి గొంతు తగ్గుతుందని నాకు తెలీదు.

"ఎవరూ పడెయ్యలేదు బావగారూ. ఆ మూటదే. అమ్మాయి విప్పుతుంటే గుమ్మంలోంచి నేను చూశాను. అరిచేలోపే చెయ్యి పెట్టేసింది."

"మరి ఇందాక చెప్పలేదేం?"

"ఎర్ర తాడు విప్పిందని మేస్త్రీ చెవిన పడితే ఉద్యోగం ఉంటుందా? తల్లి లేని పిల్ల. జేబులో పెట్టుకోండి. ఎవరికీ చెప్పకండి."

"అది అంత గుడ్డిగా పని చెయ్యదు."

"ఏమో. ఏ ధ్యాసలో ఉందో. ఆ వయసులో మేమూ..." అంటూ నా మొహం చూసి ఆగిపోయింది. "ఏంటి బావగారూ? ఏమయింది?"

నేను ఆ తాడునే చూస్తున్నాను. కొత్త తాడు. రక్తం రంగు. పసిపిల్ల కూడా పొరబడదు. గోధుమ రంగుదని అమ్మాయి అంది. నేను చూసుకోనా అంది. అబద్ధం చెప్పేటప్పుడు అది కింద పెదవి కొరుకుతుంది. ఇందాక కొరకలేదు.

కుడి కన్ను మూసుకుని పని చేశానంది.

లేవబోతే బల్ల అంచు తలకి తగిలింది. నొప్పి తెలీలేదు.

నడవాలో ఆగాను. ఎడమకి తిరిగితే బాయిలరు గది. తాడుని పొయ్యిలో పడేస్తే క్షణంలో బూడిద. తప్పు వార్డు వాళ్ళదని మేస్త్రీ నమ్ముతాడు, డాక్టరమ్మ నమ్ముతుంది. ఆ రంగు సంగతి ఎవరూ అడగరు. నేనూ అడగక్కర్లేదు. ఒక్క రోజైనా అడగకుండా ఉండొచ్చు. పొయ్యి గర్జన అక్కడికి వినిపిస్తోంది. తాడు ఇంకా గ్లౌజు చేతిలోనే ఉంది.

కుడికి తిరిగాను.

*

"దొరికిందా?" అంది అమ్మాయి.

తాడు చూపించాను. రెండు కళ్ళతో చూసింది.

"ఇది కాదు నాన్నా. ఇది ఎర్రది. నేను విప్పింది గోధుమ రంగుది."

గ్లౌజు తీసేసి అరచేత్తో దాని కుడి కన్ను మూశాను.

"ఇప్పుడు చూడు."

అరచేతి కింద దాని కనురెప్ప కొట్టుకుంటోంది. గువ్వపిల్లని పట్టుకున్నట్టుంది.

"ఇదే," అంది.

"సరిగ్గా చూడు."

"ఇదే నాన్నా. రంగు పోయింది. ఇప్పటిదాకా ఎర్రగా ఉంది కదా. ఎక్కడికి పోయింది?" నా చెయ్యి లాగేసుకుంది. తాడు చూసింది. తన అరచేత్తో తనే కన్ను మూసుకుంది, తీసింది, మూసుకుంది. "నాన్నా, ఈ కంటికి ఒకలా ఉంది, ఆ కంటికి..."

"ఊరుకో," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ మాట పూర్తిగా వినదలుచుకోలేదు.

డాక్టరమ్మ లేచి వచ్చింది. దీపం వేసి కళ్ళలోకి చూసింది, వేలు అటూ ఇటూ తిప్పి చూడమంది. ఎడమ వైపు చూసినప్పుడు అమ్మాయి మొహం చిట్లించింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వారం పైనే అయింది. మసకగా ఉంది. దుప్పట్ల నూగు పడిందనుకున్నా. కన్ను తిప్పితే లోపల గుంజుతుంది."

"వారమా?" అన్నాను. "నాకెందుకు చెప్పలేదు?"

"నీకా?" అంది. "నేను గరిటె జారవిడిస్తేనే నీ మొహం తెల్లబోతుంది నాన్నా. నీకు ఎలా చెప్పను?"

అప్పుడు సూదమ్మ గొంతు వినిపించింది. మెల్లగానే అంది.

"దీనికి నేను సూది వెయ్యలేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నాకు ఒళ్ళు మండింది.

"నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగకుండానే తిట్లు తిన్నాను. ఇవాళ అడగకుండానే చెబుతున్నాను."

"సిస్టర్," అంది డాక్టరమ్మ.

"తప్పే. ఈ పూట అనకూడదు," అంది సూదమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుపు దేనికో నాకు తెలీదు. అడగలేదు. ఆమె మీద నా మనసు మెత్తబడలేదు. ఇప్పటికీ మెత్తబడలేదు. తల్లికి సూది వల్ల వచ్చి, కూతురికి దానంతటది వచ్చి ఉండొచ్చు కదా అని నా లోపల ఎవడో అన్నాడు. వాడి గొంతు పీలగా ఉంది. పొద్దుటిదాకా అదే గొంతుతో నేను నలుగురి నోళ్ళు మూయించాను.

ఇన్నేళ్ళూ నా భయానికి ఒక గుమ్మం ఉండేది. అది ఎటు నుంచి వస్తుందో నాకు తెలుసు. ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చుని కాపలా కాశాను. అది గోడలోంచి వచ్చింది.

అమ్మాయి కుర్చీ అంచుకి జరిగింది. "అమ్మ జబ్బేనా?" అంది డాక్టరమ్మతో.

"ఇప్పుడే చెప్పలేను. కంటి నరం వాచినట్టుంది. కొందరికి అలా ఒకసారి వాచి, తగ్గి, మళ్ళీ ఎప్పుడూ రాదు. తల్లికి ఉంది కాబట్టి స్కాన్ తియ్యాలి. ఇవాళే కంటి డాక్టరు దగ్గరికి పంపిస్తాను. అదే అయినా మీ అమ్మ రోజులు కావు ఇవి. మందులు వచ్చాయి."

"అప్పుడూ అన్నారు," అన్నాను.

"అనే ఉంటారు. అప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నది తక్కువ." ఆమె గడియారం చూసింది. "కంటిది సాయంత్రం దాకా ఆగుతుంది. వేలు ఆగదు."

"ఇప్పుడు ఆ టీకా వేస్తే," అంది అమ్మాయి, "కన్ను ఇంకా చెడిపోతుందా? నిజం చెప్పండి."

"చెడిపోతుందని వెతికినవాళ్ళకి అలా కనపడలేదు. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి కూడా ఈ టీకా వేస్తాం. నేను నీ చోట ఉంటే వేయించుకుంటాను. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు."

అమ్మాయి నా వైపు తిరిగింది. ఒక కన్ను ఎర్రగా ఉంది. ఒక కన్ను తేటగా ఉంది. తేటగా ఉన్నదే చెడ్డ కన్ను.

"చెప్పు నాన్నా."

పొద్దున్నయితే ఎవర్నో ఒకర్ని తిట్టేవాణ్ణి. సూదమ్మని, వార్డు వాళ్ళని, పెద్ద డాక్టరుని. తిడుతున్నంతసేపూ భయం పక్కన కూర్చుంటుంది. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరు. గదిలో నలుగురం ఉన్నాం. నలుగురిలో ఒక్కరూ ఆ కంటికి కీడు చెయ్యలేదు. డాక్టరమ్మ తప్పు చెబుతుందేమోనని భయం. నిజం చెబుతుందేమోనని ఇంకా భయం.

"వెయ్యండి," అన్నాను.

డాక్టరమ్మ సిరంజి అందుకుంటూ నా మొహం చూసింది. "నేను వెయ్యనా?"

"మీరే వెయ్యండి. ఆవిడ వద్దు."

"ఆవిడే వెయ్యాలి," అంది అమ్మాయి. "ఈ గదిలో చెయ్యి వణకనిది ఆవిడ ఒక్కతే."

సూదమ్మ చేతులు కడుక్కుంది. మందు సీసాని వెలుగుకి పట్టి చూసింది. ఒక చేతికి ఒకటి, రెండో చేతికి ఒకటి. రెండోది వేసే ముందు "ఇది టీకా," అని నాకు చెప్పింది. చూపు తిప్పుకోమంటోంది. తిప్పుకోలేదు. సూది తోలులోకి దిగడం, సిరంజి ఖాళీ కావడం, దూది నొక్కడం అన్నీ చూశాను. కుర్చీ వీపుని పట్టుకున్న నా వేళ్ళు నొప్పి పుట్టాయి. తియ్యబోతే రాలేదు. ఒక్కొక్కటే ఊడదీసుకోవలసి వచ్చింది.

"కాసేపు బయట బల్ల మీద కూర్చోండి," అంది సూదమ్మ. "కళ్ళు తిరిగితే, దద్దుర్లు వస్తే పిలవండి. అయ్యాక కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతా."

దానికి నేను అవుననలేదు, కాదనలేదు.

*

బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఎదురుగా గోడ మీద మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడుతోంది. అమ్మాయి దాన్ని చూసి ఒక కన్ను మూసింది. తర్వాత రెండో కన్ను మూసింది.

"చూడకు," అన్నాను.

"చూడకపోతే బాగుంటుందా?"

"చూడకు."

రెండు కళ్ళూ మూసుకుని తల గోడకి ఆనించింది. నేను దాని మెడ చూశాను, చేతులు చూశాను, దద్దుర్లకోసం. ఏమీ లేవు. ఊపిరి తీసుకుంటోందా అని చూశాను. తీసుకుంటోంది. ఎవరో మందుల బండి తోసుకుంటూ వెళ్ళారు. చక్రం కీచుమంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"నాన్నా."

"ఊఁ."

"అమ్మకి కన్ను తర్వాత ఏం వచ్చింది? నేను చిన్నదాన్ని. నాకు మంచం మీదదే గుర్తుంది. ముందు చేతులా, కాళ్ళా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. అది కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఏ కంటితో చూస్తోందో తెలీదు.

"కాళ్ళు," అన్నాను.

అది తల వంచి తన చెప్పుల వైపు చూసుకుంది. మెల్లగా వేళ్ళు కదిపింది. మొదట కుడి పాదానివి. తర్వాత ఎడమ పాదానివి. నేను కూడా వంగి చూశాను.